ఆరు నిమిషాల కీర్తనతో మొదలుపెట్టండి

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 36 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. సంగీతం నేర్చుకోలేదు, సినిమా పాటలు మాత్రం బాగా వింటాను. ఈ మధ్య 'శంకరాభరణం' మళ్లీ చూశాక అసలు కర్ణాటక సంగీతమే వినాలనిపించింది. ఫోన్‌లో వెతికితే తప్పక వినాల్సిన వంద కచేరీలంటూ ఒక జాబితా దొరికింది. మొదటిదే మూడు గంటలు. ఇరవై నిమిషాలకే ఎక్కడున్నానో తెలియలేదు. నాలుగోదాని దగ్గర నిద్రపోయాను. ఒకే కీర్తనని పాతికమంది పాడారు, ఏది వినాలో అర్థం కాదు. పాతవాళ్లనే వినాలంటారు మా మామగారు. ఆ గరగర ఎవరు వింటారంటారు మావారు. మామగారు ఒక పెట్టెడు కాసెట్లు కూడా ఇచ్చారు. మెట్రోలో పోను ముప్పావుగంట, రాను ముప్పావుగంట నాకు ఖాళీ. ఎవరితో మొదలుపెట్టాలి? గాత్రమా, వాద్యమా? రాగాలు తెలియకుండా వింటే ఏమైనా ఉపయోగం ఉందా? నిజం చెప్పొద్దూ, వింటున్నంతసేపూ ఏదో పరీక్ష రాస్తున్న టెన్షన్. ఎప్పటికైనా కచేరీకి వెళ్లాలని కూడా ఉంది.
(ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి)

జవాబు: నాలుగో కచేరీ దగ్గర నిద్రపోయారంటే మొదటి మూడూ మేలుకుని విన్నారన్నమాట. మీ ఓపిక గొప్పదే. అలాంటి జాబితాలు రాసేవాళ్లు ఏళ్ల తరబడి వింటున్నవాళ్లు. తమలాంటి ఇంకో రసికుడు చూసి 'ఓహో, ఇది కూడా పెట్టారే' అనుకోవాలని రాస్తారు. అందులోవన్నీ గొప్ప కచేరీలే, కాదనను. కానీ గొప్ప కచేరీ వేరు, కొత్తగా వినేవాళ్ల చేతిలో పెట్టాల్సిన రికార్డింగు వేరు. మీలాంటివారిని నేను ముందు మూడు విషయాలు చూసుకోమంటాను. ఎంతసేపుంది, మాటలు తెలుస్తున్నాయా, శబ్దం శుభ్రంగా ఉందా. పాడింది ఎవరన్నది ఆ తర్వాత. ఈ మాట మీ మామగారికి నచ్చకపోవచ్చు.

నిడివి సంగతి ముందు చెప్తాను. పాట పేరు పక్కన నిమిషాల అంకె ఉంటుంది కదా, దాన్నిబట్టి లోపల ఏముందో చాలావరకు ఊహించొచ్చు. నాలుగు నుంచి ఎనిమిది నిమిషాలుంటే కీర్తన ఒక్కటే. పల్లవి, అనుపల్లవి, చరణం, మహా అయితే చివర కాసిని స్వరాలు. పది పదిహేను నిమిషాలుంటే ముందు చిన్న ఆలాపనో, వెనక కాస్త పెద్ద స్వరకల్పనో (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడడం) కలిసిందన్నమాట. పాతిక నిమిషాల నుంచి ముప్పావుగంట దాకా ఉంటే అది కచేరీలో ప్రధానాంశం. మాటల్లేని రాగాలాపన, దాని వెంటే వయొలిన్ వారి ఆలాపన, కీర్తన, చరణంలో ఒక పాదాన్ని పట్టుకుని రకరకాలుగా విస్తరించే నెరవల్, స్వరకల్పన, ఆఖరున మృదంగం వారు ఒంటరిగా వాయించే తని ఆవర్తనం, అన్నీ అందులోనే ఉంటాయి. గంట దాటితే రాగం-తానం-పల్లవి అయ్యుంటుంది, ఒక్క పల్లవి పాదం చుట్టూ విస్తరించే పెద్ద అంశం అది. మీరు ఇరవై నిమిషాలకి తప్పిపోయింది బహుశా ఆలాపనలోనే. అక్కడ మాటలుండవు, తాళముండదు, పట్టుకోడానికి ఏమీ దొరకదు. అక్కడ కొత్తవాళ్లెవరైనా తప్పిపోతారు. కొన్నాళ్లపాటు మొదటి రకమే వినండి. ఆరు నిమిషాల కీర్తన చాలు.

అసలు ఈ మూడు గంటల కచేరీ వరస ఎక్కడిదంటే, ఇప్పుడు అందరూ అనుసరించే పద్ధతిని స్థిరపరిచింది గాయకుడు అరియకుడి రామానుజ అయ్యంగార్ (1890-1967) అని చెప్తారు. ముందు వర్ణం, తర్వాత చిన్న కీర్తనలు, నడుమ పెద్ద రాగం, తని, ఆ పైన పదాలు, జావళీలు అనే శృంగార గీతాలు, భజనలు, తిల్లానా, మంగళం. ఇది సభలో కూర్చున్నవాళ్ల కోసం వేసిన వరస. గాయకుడి గొంతు కుదురుకోవాలి, వచ్చేవాళ్లు వచ్చి కూర్చోవాలి, అప్పుడు బరువైనది ఎత్తుకోవాలి. మెట్రోలో వినే మీకు ఈ వరస పాటించాల్సిన అవసరం లేదు. మూడు గంటల కచేరీని చివరినుంచి వినండి. తని ఆవర్తనం అయిపోయిన చోటికి జరపండి. అక్కణ్ణుంచి వచ్చేవన్నీ చిన్నవి, తేలికైనవి. గాయకులు కూడా అప్పటికి బరువు దించుకుని హాయిగా పాడుతుంటారు. చాలా కచేరీలకి కింద ఏది ఏ నిమిషంలో మొదలవుతుందో ఎవరో ఒక పుణ్యాత్ముడు రాసి పెడతాడు. అది చూసుకుంటే వెతుకులాట ఉండదు.

మీ ముప్పావుగంట ప్రయాణానికి సరిగ్గా సరిపోయేవి ఇంకొన్ని ఉన్నాయి, రేడియో కచేరీలు. ఆకాశవాణి సంగీత జాతీయ కార్యక్రమం 1952లో మొదలైంది. విజయవాడ కేంద్రం అంతకుముందే, 1948 డిసెంబరులో వచ్చింది. రేడియోలో గడియారమే యజమాని. అరగంటంటే అరగంటే, గంటంటే గంటే. ఎంతటి విద్వాంసుడైనా చెప్పదలచుకున్నది ఆ వేళకి కుదించి చెప్పాల్సిందే. పైగా స్టూడియోలో పాడిన కచేరీల్లో దగ్గులూ కుర్చీల చప్పుడూ ఉండవు, తంబురా శ్రుతి వినిపిస్తుంది, గొంతుకీ మృదంగానికీ మధ్య పాళ్లు కుదిరి ఉంటాయి. నన్నడిగితే కొత్తవాళ్లకి ఇంతకంటే మంచివి లేవు. ప్రసార భారతి తన భాండాగారం నుంచి చాలా కచేరీలు యూట్యూబ్‌లో పెట్టింది. 2016 జనవరి 26 నుంచి 'రాగం' అని రోజంతా శాస్త్రీయ సంగీతమే వినిపించే రేడియో కూడా ఉంది, న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వస్తుంది. అందులో హిందుస్తానీ కూడా కలిపి వేస్తారు. వంట చేసుకుంటూ వినడానికి అది బాగుంటుంది కానీ, ఎంచుకుని వినడానికి పనికిరాదు.

ఇక మాటల సంగతి. ఇక్కడ మీకున్న సౌకర్యం చెన్నైలో పుట్టి పెరిగిన కొత్త శ్రోతకి లేదు. త్యాగరాజు (1767-1847) తంజావూరు సీమలో బతికినా రాసింది చాలావరకు తెలుగులోనే. శ్యామశాస్త్రి కూడా ఎక్కువగా తెలుగే. క్షేత్రయ్య, రామదాసు, అన్నమయ్య సరేసరి. కాబట్టి రాగం సంగతి పక్కన పెట్టి, ముందు అర్థమయ్యే కీర్తన ఒకటి ఎంచుకోండి. నేనైతే 'నను పాలింప నడచి వచ్చితివో' ఇస్తాను. మోహన రాగం, త్యాగరాజ కీర్తన. త్యాగరాజు కూతురి పెళ్లికి ఆయన శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ రాముడి పటాన్ని మోసుకుంటూ నడిచి వచ్చాడనీ, ఆ పటాన్ని చూసి ఆయన ఇది పాడాడనీ కథగా చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, మాటలు మాత్రం ఎదురుగా నిలబడ్డ మనిషితో అన్నట్టే ఉంటాయి. నన్ను కాపాడ్డానికి ఇంత దూరం నడిచొచ్చావా, నీ మొహం చూడ్డమే నాకు బతుకని నా మనసులో మర్మం తెలుసుకునే వచ్చావా, అంటాడు. చరణంలో వచ్చినవాడి రూపం కనిపిస్తుంది. ఇంద్రనీలం లాంటి ఒళ్లు, రొమ్ము మీద ముత్యాల సరాలు, చేతిలో కోదండం, పక్కన సీత. నిఘంటువు తెరవక్కర్లేదు.

రాగం కూడా మీకు కొత్తేం కాదు. 'మాయాబజార్' (1957)లో 'లాహిరి లాహిరి లాహిరిలో' విన్నారు కదా, అది మోహనమే. ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న మనిషి, పి. లీల కచేరీలు చేసిన గాయని. మోహనంలో ఉండేవి ఐదే స్వరాలు, స రి గ ప ద. మధ్యమం, నిషాదం ఉండవు. ఆ పాట రెండుసార్లు విని, వెంటనే కీర్తన పెట్టుకుంటే, పరిచయమున్న ఇంట్లోకే మరో గుమ్మంలోంచి వచ్చినట్టుంటుంది.

ఇప్పుడు ఈ ఒక్క కీర్తనకి మూడు రికార్డింగులు వెతుక్కోండి. ఒకటి ఆరేడు నిమిషాలది, గాత్రం. రెండోది అదే కీర్తన ఏదైనా వాద్యం మీద. మూడోది ఆలాపనతో, స్వరాలతో ఉన్న పాతిక నిమిషాలది. మొదటిది వారం రోజులు వినండి. మాటలు కాగితం మీద రాసుకుని చూస్తూ వింటే ఇంకా మంచిది. అప్పుడు మీకు ఒక సంగతి తెలుస్తుంది. సంగతి అనే అంటారు దాన్ని కూడా. 'నను పాలింప' అన్న పల్లవిని గాయకులు ఒకసారి పాడి ఊరుకోరు. మళ్లీ పాడతారు, మళ్లీ పాడతారు. సినిమా పాటకి అలవాటుపడ్డ చెవికి, అన్నదే అంటున్నారేమిటి అని విసుగొచ్చేది ఇక్కడే. కానీ ప్రతిసారీ ఎక్కడో ఒకచోట మారుతుంది. మొదటిసారి తిన్నగా వెళ్లిన మాట రెండోసారి చిన్న మెలిక తిరుగుతుంది, మూడోసారి పైకి వెళ్లి దిగుతుంది. ఎక్కడ మారిందో పట్టుకోవడమే మొదటి పాఠం, అదీ సరదాగానే ఉంటుంది. కీర్తన నోటికి వచ్చేశాక వాద్యం మీద వింటే, మాటలు లేకపోయినా మీకు మాటలే వినిపిస్తాయి. ఆ తర్వాత పాతిక నిమిషాలది పెట్టుకోండి. ఆలాపనలో అక్కడక్కడా కీర్తనలో విన్న మలుపులే మాటలు లేకుండా తొంగి చూస్తాయి. మీరు తప్పిపోయిన చోట ఈసారి దారి కనిపిస్తుంది.

గాత్రమా వాద్యమా అన్నదానికి జవాబు ఇందులోనే వచ్చేసింది. భాష తెలిసినవాళ్లు గాత్రంతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. వీణ, వేణువు చెవికి హాయిగా ఉంటాయని చాలామంది వాటితో మొదలుపెట్టమంటారు. హాయిగానే ఉంటాయి, అదే ఇబ్బంది. వెనకాల మోగుతూ ఉంటాయి, మనం మన పని చేసుకుంటూ ఉంటాం. నెల తిరిగేసరికి ఇష్టమైతే కలుగుతుంది గానీ ఒక్క కీర్తనా గుర్తుండదు. ముందు మాటలు తెలిసిన కీర్తన, తర్వాత అదే వాద్యం మీద. వాద్యాల్లో మనవాళ్లకి కొదవ లేదు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణ ఎవరికైనా మొదటిసారే అందుతుంది, కోయిల కూతని తీగ మీద పలికించిన మనిషి. పాలకొల్లు నుంచి వచ్చిన యు. శ్రీనివాస్ (1969-2014) మాండొలిన్ చురుగ్గా, మెరుస్తూ ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అదే పెట్టండి. వేణువులో మాలి అని పిలుచుకునే టి.ఆర్. మహాలింగం, వయొలిన్‌లో లాల్గుడి జయరామన్. లాల్గుడి, ఎన్. రమణి వేణువు, ఆర్. వెంకటరామన్ వీణ కలిసి వాయించిన కచేరీలు దొరికితే వదలకండి. నాదస్వరం మాత్రం ఇయర్‌ఫోన్లలో వినొద్దు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానా నాదస్వరం వినాలంటే ఇంట్లో స్పీకర్ పెట్టి, గది ఇవతల కూర్చుని వినాలి. అది ఆరుబయట వాయించడానికి పుట్టిన వాద్యం.

పేర్లు అడిగారు కాబట్టి పేర్లు చెప్తాను. మాట తెలిసేలా పాడేవాళ్లలో మొదట మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016). విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో ఆయన పాడిన రామదాసు కీర్తనలే ఆ కీర్తనల్ని ఇంటింటికీ చేర్చాయి. 'పలుకే బంగారమాయెనా' ఆయన గొంతులో విని, 'శంకరాభరణం'లో వాణీ జయరాం గొంతులో వినండి. రెండూ ఆనందభైరవి రాగమే, రెండూ చిన్నవే. కచేరీ సంగీతం కంటే ఇవి తేలిక, అందుకే ముందు చెప్పాను. ఆయన త్యాగరాజ కీర్తనల్లో ఆభేరి రాగంలో 'నగుమోము' అందరికీ దొరుకుతుంది. తర్వాత ఎం.ఎస్. సుబ్బులక్ష్మి. 1963లో వచ్చిన సుప్రభాతం రికార్డు మీ ఇంట్లో ఎలాగూ మోగే ఉంటుంది. దానితో ఆగిపోకుండా తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఆవిడ పాడిన బాలాజీ పంచరత్నమాల వినండి. అందులో అన్నమయ్య కీర్తనలున్నాయి. 'నానాటి బతుకు నాటకము' రేవతి రాగంలో, 'భావయామి గోపాలబాలం' యమునాకల్యాణిలో మనం వినే వరసలు కట్టింది నేదునూరి కృష్ణమూర్తి (1927-2014).

ఆ నేదునూరి వారి సొంత కచేరీలే నా మూడో పేరు. తొందర లేదు, ఆర్భాటం లేదు, మాటని విరవరు. ఆయన గురువు శ్రీపాద పినాకపాణి వృత్తిరీత్యా డాక్టరు, నూరేళ్లు దగ్గర పడేదాకా బతికి కర్నూలులో కూర్చుని ఎందరికో పాఠం చెప్పారు. ఆయన దగ్గరే నేర్చుకున్న వోలేటి వెంకటేశ్వర్లు విజయవాడ రేడియోలో పనిచేశారు. ఆయన పాట దొరికేదంతా దాదాపు రేడియో టేపులే. వోలేటిని కొంచెం ఆగి వినండి, ఆయన స్వరాల్లో వేగం ఎక్కువ. ఇప్పుడు పాడుతున్నవాళ్లలో విజయవాడ మల్లాది సోదరులు ఈ బడి నుంచి వచ్చినవాళ్లే. రికార్డింగు కొత్తది, మాట పాతది. మీ ఇంట్లో పాత-కొత్త పంచాయితీ ఉంది కదా, మీ మామగారికీ మీవారికీ ఇద్దరికీ ఇవి నచ్చొచ్చు.

ఆ పంచాయితీ గురించి నా తీర్పు కూడా వినండి. మీ మామగారు చెప్పేది పాటకి సంబంధించింది, మీవారు చెప్పేది శబ్దానికి సంబంధించింది. ఇద్దరూ వేరు వేరు విషయాల మీద పోట్లాడుకుంటున్నారు. పాత రికార్డింగు అంటే అన్నీ ఒకటి కావు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డుల్లో ఒక్కో వైపు పట్టేది మూడు నాలుగు నిమిషాలు. ఆ కాస్తలోనే కీర్తన ముగించాలి కాబట్టి అప్పటివాళ్లు పరుగెత్తించి పాడారు. నిడివి చూస్తే మీకు సరిపోతాయి, శబ్దం చూస్తే సరిపోవు. అందులోనూ 1920లకి ముందువైతే మైకే లేదు, కొమ్ములోకి గట్టిగా పాడాల్సి వచ్చేది. బెంగుళూరు నాగరత్నమ్మ వంటివారి గొంతు వినాలంటే ఆ రికార్డులే దిక్కు, కానీ అది రెండో ఏడాది పని. నెమ్మదిగా తిరిగే పెద్ద రికార్డులు, అంటే ఎల్పీలు వచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పట్టింది. 1960, 70ల్లో స్టూడియోలో చేసిన ఎల్పీలు శుభ్రంగా ఉంటాయి, నిడివీ హద్దులో ఉంటుంది. కొత్తవాళ్లకి రేడియో తర్వాత నేను సిఫార్సు చేసేవి అవే. సభలో ఎవరో అభిమాని ముందు వరసలో టేప్ రికార్డర్ పెట్టి పట్టుకొచ్చినవి మూడో రకం. రసికులు ప్రాణం పెట్టేది వీటి మీదే. మదురై మణి అయ్యర్, జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం వంటివారి అసలు విశ్వరూపం ఉన్నదీ వీటిలోనే. మీ జాబితాలో సగం ఇవే అయ్యుంటాయి. చెవి అలవాటుపడ్డాక ఆ గరగర వినిపించడం మానేస్తుంది. అప్పటిదాకా వాటి జోలికి పోకండి.

ఒక జాగ్రత్త. పాత టేపుల్ని ఎక్కించేటప్పుడు వేగం తేడా వస్తుంటుంది. మగగొంతు కుర్రవాడి గొంతులా సన్నగా వినిపించినా, మృదంగం డబ్బా మోగినట్టున్నా టేపు వేగంగా తిరిగిందన్నమాట. గాయకుణ్ణి తిట్టుకోకుండా అదే కచేరీ ఇంకెవరైనా పెట్టారేమో చూడండి. అలాగే నిద్రకి, ధ్యానానికి, ఒత్తిడి తగ్గడానికి అని పేర్లు పెట్టి అమ్మే రాగాల ఆల్బమ్‌ల వైపు వెళ్లకండి. కీబోర్డు పరుపు మీద వేణువుని పడుకోబెట్టి ఉంటారు. అవి విని మోహనం తెలిసిందనుకుంటే మోసపోతారు.

కాసెట్ల పెట్టె సంగతి. ముందు ఒక్కో కాసెట్ కిటికీలోంచి చూడండి. టేపు అంచుల మీద తెల్లగా బూజులాంటి మచ్చలుంటే దాన్ని పెట్టొద్దు, టేపు దెబ్బతినడమే కాకుండా ప్లేయర్‌కి కూడా అంటుకుంటుంది. బాగున్నవాటిని వినేముందు ఒకసారి చివరిదాకా ముందుకి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి చుట్టుకుని అంటుకున్న టేపు కాస్త వదులవుతుంది. కంపెనీ కాసెట్లయితే అవసరం లేదు, దాదాపు అవన్నీ ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతాయి. కానీ చేత్తో పేరు రాసి ఉన్నవి, రేడియోలోంచి మామగారే రికార్డు చేసుకున్నవి ఉంటే మాత్రం పారేయకండి, ఎవరి దగ్గరా లేని కచేరీ అందులో ఉండొచ్చు. వాటిని ఎవరిచేతనైనా కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

వెతికేటప్పుడు గాయకుడి పేరుతో కాకుండా కీర్తన మొదటి రెండు మాటలు, రాగం పేరు కలిపి వెతకండి. ఇంగ్లీషులో రాస్తే తమిళుల పద్ధతిలో 'త' కి టీ తర్వాత హెచ్ తగిలిస్తారు, కొందరు తగిలించరు. తోడి, త్యాగరాజు రెండూ ఇలా రెండు రకాలుగా ఉంటాయి. ఒకలా దొరక్కపోతే రెండోలా చూడండి. ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. మృదంగం ఎడమ వైపు గుంభనంగా పలికే నాదం, కింద నడిచే తంబురా, రెండూ ఆ చిన్న స్పీకర్‌లో మాయమైపోతాయి. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. మెట్రో రొద మరీ ఎక్కువుంటే శబ్దం పెంచకండి, ఆ రోజుకి సినిమా పాటలే వినండి.

కొందరిని వాయిదా వేయమని కూడా చెప్పాలి. ఎం.డి. రామనాథన్ అతి నెమ్మదిగా, అతి మంద్రంగా పాడతారు. అలవాటుపడితే ఇంకెవరూ ఆనరు, కానీ ఇప్పుడు వింటే మీకు మళ్లీ నిద్రే. సెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ గొంతు గరుకు. ఆ గరుకులో ఏముందో తెలియడానికి టైమ్ పడుతుంది. వీణ ధనమ్మాళ్ మనవరాళ్లు బృంద, ముక్త పాడిన క్షేత్రయ్య పదాలు మన భాషలోవే అయినా నిదానానికి నిదానం, లోతుకి లోతు. వాటిని దాచుకోండి. త్యాగరాజు సమాధి ఉన్న తిరువయ్యారులో వందలమంది కలిసి పాడే ఆయన పంచరత్న కీర్తనలు కూడా మొదట వినడానికి నేను ఇవ్వను. త్యాగరాజ ఆరాధన రోజున టీవీలో చూడ్డానికి అది పండగే. కానీ అంతమంది గొంతుల్లో మాటా తెలియదు, సంగతీ తెలియదు. వాటిలో 'ఎందరో మహానుభావులు' ఒక్కరు పాడింది వినండి.

రాగాలు తెలియాలా అంటే, పేరు తెలియక్కర్లేదు, పోలిక తెలిస్తే చాలు. మీకు 'శంకరాభరణం' పాటలు నోటికొచ్చి ఉంటాయి. 'బ్రోచేవారెవరురా' మైసూరు వాసుదేవాచార్య ఖమాస్ రాగంలో రాసిన కృతి, సినిమాకి ముందూ తర్వాతా కచేరీల్లో పాడుతూనే ఉన్నారు. 'మానస సంచరరే' సదాశివ బ్రహ్మేంద్రులది, సామ రాగం. ఈ రెండిటికీ కచేరీ రికార్డింగులు తెచ్చుకుని, సినిమాలో ఏం వదిలేశారో, ఏం కలిపారో చూడండి. మోహనం అయ్యాక ఈ రెండూ చాలు, ఓ మూడు నాలుగు నెలలు గడిచిపోతాయి. ఇది ఏ రాగమో చెప్పు అని ఎవరైనా అడిగితే తెలియదనేయండి. పక్కవాణ్ణి రాగం పేరు అడిగి ఇరుకున పెట్టడం మన రసికులకి పాత జబ్బు, దానికి మీరు టెన్షన్ పడక్కర్లేదు. వింటూ వింటూ మధ్యలో ఆపేసినా నేరం కాదు. ఫోన్‌లో వింటున్నప్పుడు తని ఆవర్తనం వస్తే మొదట్లో దాటేయండి కూడా. తాళం లెక్క చేతికి రానిదే అది ఒట్టి మోతలా వినిపిస్తుంది.

కచేరీకి వెళ్లడానికి మాత్రం ఇవన్నీ పూర్తయ్యేదాకా ఆగొద్దు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో త్యాగరాజ ఆరాధన పేరుతో మన ఊళ్లలో కచేరీలు జరుగుతుంటాయి, చాలాచోట్ల టికెట్టు కూడా ఉండదు. స్పీకర్ పెట్టెలకి ఎదురుగా కాకుండా మధ్య వరసల్లో, మృదంగం వారి చేతులు కనిపించే వైపు కూర్చోండి. పక్కన ఎవరో పెద్దాయన తొడ మీద తాళం వేస్తుంటారు, చూసి మీరూ వేయండి, తప్పితే మళ్లీ కలుపుకోండి. తని మొదలవగానే సగం హాలు కాఫీకి లేస్తుంది. మీరు లేవకండి. ఫోన్‌లో దాటేసిన ఆ పది నిమిషాలూ ఎదురుగా కూర్చుని చూస్తే వేరేగా ఉంటాయి.